సైలెంట్ హంటర్ 3కి మోడ్‌లు: ఏవి ఎంచుకోవాలి, ఏ వరుసలో వేయాలి, క్రాష్ ఎక్కడి నుంచి వస్తుంది

మీ ప్రశ్న సారాంశం ఇది. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూసొచ్చిన ఉత్సాహంలో స్టీమ్‌లో సైలెంట్ హంటర్ 3 కొన్నారు, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గామి కెప్టెన్‌గా ఆడే ఆట. ఇరవై దాకా మోడ్‌లు (ఆటను మార్చడానికి అభిమానులు చేసిన ఫైళ్లు) దించుకుని ఒకదాని మీద ఒకటి నేరుగా డేటా ఫోల్డర్‌లోకి కాపీ చేశారు. మెనూ వరకు బాగానే వస్తోంది, గస్తీకి బయలుదేరబోతే లోడింగ్ మధ్యలో గేమ్ మూసుకుపోతోంది. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి, ఏ వరుసలో వేయాలి? కురుసురలోలాగా ముందు గది నుంచి వెనక గది దాకా నడిచే మోడ్ ఏదైనా ఉందా?

నేరుగా చెబుతాను. ఇప్పుడున్న ఇన్‌స్టలేషన్‌ని బాగుచేయడానికి ప్రయత్నించకండి. పూర్తిగా తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి ఒకే ఒక సూపర్‌మోడ్ (ఆటంతటినీ మార్చే పెద్ద మోడ్), దాని మీద నాలుగైదు చిన్న మోడ్‌లు, అవీ జేఎస్‌జీఎమ్‌ఈ అనే ప్రోగ్రామ్ ద్వారా, ఒక్కోటి వేసి పరీక్షించుకుంటూ. సూపర్‌మోడ్‌గా జీడబ్ల్యూఎక్స్ 3.0 గోల్డ్ తీసుకోండి. గ్రే వుల్వ్స్ ఎక్స్‌పాన్షన్ అంటే అదే.

(ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీ కంప్యూటర్‌లో అవి ఇంగ్లిష్‌లోనే కనిపిస్తాయి.)

బాగుచేయలేమని ఎందుకంటున్నానంటే, చేత్తో కాపీ చేసినప్పుడు పాత ఫైల్ పోతుంది, దాని నకలు ఎక్కడా మిగలదు. స్టీమ్‌లో ఫైళ్లు సరిచూసే ఆప్షన్ నొక్కితే మారిపోయిన అసలు ఫైళ్లు తిరిగి వస్తాయి, నిజమే. కానీ మోడ్‌లు కొత్తగా తెచ్చిపెట్టిన ఫైళ్లను స్టీమ్ తీసెయ్యదు. ఆటలోని ఓడల జాబితా ఉండే రోస్టర్ ఫోల్డర్‌లో ఒక ఓడ పేరు మిగిలి, సీ ఫోల్డర్‌లో దాని బొమ్మ సగమే ఉంటే గేమ్ దాన్ని లోడ్ చేయబోయి పడిపోతుంది. మీకు వస్తున్నది ఇలాంటి క్రాష్ కావడానికే ఎక్కువ అవకాశం. అందుకే స్టీమ్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేశాక, గేమ్ ఫోల్డర్‌లో ఏమైనా మిగిలి ఉంటే చేత్తో కూడా తుడిచెయ్యండి. డాక్యుమెంట్స్‌లో ఎస్‌హెచ్3 అనే ఫోల్డర్ ఉంటుంది, మీ కెరీర్, సేవ్‌లు అందులోనే ఉంటాయి. దాని పేరు మార్చి పక్కన పెట్టండి. పాత సేవ్‌లు కొత్త మోడ్‌లతో నడవవు.

ఏ సూపర్‌మోడ్?

సైలెంట్ హంటర్ 3 వచ్చింది 2005లో. చివరి ప్యాచ్ 1.4బీ. దాని మీద ఏళ్ల తరబడి మనుషులు కూర్చుని కట్టినవి ఈ సూపర్‌మోడ్‌లు. ఓడలు, రేవులు, కాన్వాయ్‌ల రాకపోకలు, శత్రువు చూపు, వినికిడి, నష్టం లెక్కలు అన్నీ కలిపి ఒకదానితో ఒకటి పొందిక కుదిరేలా చేసినవి. కాబట్టి రెండు సూపర్‌మోడ్‌లు ఒకే ఇన్‌స్టలేషన్‌లో కలవవు. ఒకదానిలోంచి ఓడలు, ఇంకోదానిలోంచి సెన్సార్లు ఏరుకుని వేస్తే పొందిక పోతుంది.

జీడబ్ల్యూఎక్స్‌లో లోకం విశాలంగా ఉంటుంది. రేవులు నిండుగా కనిపిస్తాయి, మధ్యధరా సముద్రం ఆడదగినదిగా మారుతుంది, విమానాలు నిజంగా భయపెడతాయి. పక్కన చక్కటి మాన్యువల్ కూడా ఉంది, దాన్ని తప్పకుండా చదవండి. ఎన్‌వైజీఎమ్ అనే ఇంకో సూపర్‌మోడ్ పట్టు వేరు. అక్కడ టార్పెడో తగిలిన ఓడ వెంటనే పేలి మునగదు. నీళ్లు నిండి, ఒరిగి, కొన్నిసార్లు గంటల తర్వాత మునుగుతుంది. రెండో టార్పెడో ఖర్చు చేయాలా, ఆగాలా అని కెప్టెన్ ఆలోచించాల్సి వస్తుంది. ఓపిక ఉన్నవారికి అది గొప్ప అనుభవం. మూడో సూపర్‌మోడ్ ఎల్‌ఎస్‌హెచ్3 జర్మన్ బృందం చేసినది, చూడ్డానికి అందంగా ఉంటుంది. మొదటిసారి ఆడుతున్నవారికి జీడబ్ల్యూఎక్స్ అనే చెబుతాను. చిన్న మోడ్‌లలో ఎక్కువ భాగం దాన్ని ఆధారం చేసుకునే తయారయ్యాయి, ఇబ్బంది వస్తే జవాబు సులువుగా దొరుకుతుంది.

ఇక నడిచే మోడ్ సంగతి. సైలెంట్ హంటర్ 3లో మీరు ఉండగలిగేది ప్రధానంగా కంట్రోల్ రూమ్, రేడియో-సోనార్ గది, కానింగ్ టవర్ (కంట్రోల్ రూమ్ పైనున్న చిన్న గది), పైన బ్రిడ్జి. తలుపులు తెరిచి పక్క గది చూపించే మోడ్‌లు ఉన్నాయి, కానీ అవి చూపు వరకే. పడవంతా నడవాలంటే 2010లో వచ్చిన సైలెంట్ హంటర్ 5 వేరే ఆట, దానికి వుల్వ్స్ ఆఫ్ స్టీల్ అనే వేరే సూపర్‌మోడ్ ఉంది. అయితే అందులో టైప్ 7 పడవలే ఉంటాయి, యుద్ధం 1943తో ఆగిపోతుంది. సైలెంట్ హంటర్ 3లో 1939 నుంచి 1945 దాకా, టైప్ 2 నుంచి టైప్ 21 దాకా ఉన్నాయి. ఇంకో మాట. కురుసుర దాదాపు 91 మీటర్ల పొడవు, టైప్ 7సీ 67 మీటర్లే. అక్కడ మీకు ఇరుకనిపించింది గుర్తుంటే, ఈ పడవ ఇంకెంత ఇరుకో ఊహించుకోవచ్చు. డీజిల్‌తో పైన నడవడం, బ్యాటరీతో కింద నడవడం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఇన్‌స్టాల్ చేసే వరుస

ముందు చోటు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వద్దు. విండోస్ అక్కడి ఫైళ్లను కాపలా కాస్తుంది. మోడ్ వేసినట్టే కనిపిస్తుంది, అసలు ఫైల్ మాత్రం మారదు. స్టీమ్ సెట్టింగ్స్‌లో డీ డ్రైవ్‌లోనో, సీలోనే వేరే ఫోల్డర్‌లోనో కొత్త లైబ్రరీ తెరిచి గేమ్‌ను అక్కడ పెట్టండి. పాత డీవీడీ దొరికితే దాని జోలికి పోకండి. అందులోని స్టార్‌ఫోర్స్ కాపీ రక్షణ ఇప్పటి విండోస్‌లో నడవదు, దాని ఎగ్జిక్యూటబుల్‌కి (గేమ్‌ను నడిపే ఈఎక్స్‌ఈ ఫైల్‌కి) కింద చెప్పే ప్యాచ్‌లు వేయడమూ కుదరదు.

గేమ్ దిగాక ఏ మోడ్ లేకుండా ఒకసారి నడపండి. నేవల్ అకాడమీలో ఒక శిక్షణ మిషన్ పూర్తి చేసి బయటికి రండి. ఇది దండగ పని కాదు. ఇక్కడే క్రాష్ అయితే తప్పు మోడ్‌లది కాదు, గ్రాఫిక్స్ డ్రైవర్‌దో డైరెక్ట్‌ఎక్స్‌దో అని తేలిపోతుంది. తర్వాత మొత్తం గేమ్ ఫోల్డర్‌ను ఇంకోచోటికి కాపీ చేసి "శుభ్రం" అని పేరు పెట్టుకోండి. జీడబ్ల్యూఎక్స్ ఇన్‌స్టాలర్ అసలు ఫైళ్ల మీదే రాస్తుంది, దాన్ని వెనక్కి తీసే బటన్ లేదు. రేపు ఎన్‌వైజీఎమ్ ప్రయత్నించాలనుకుంటే ఈ కాపీయే దిక్కు.

ఇప్పుడు జీడబ్ల్యూఎక్స్ ఇన్‌స్టాలర్‌ను నడిపి, అది చూపించే దారిని గుడ్డిగా ఒప్పుకోకుండా మీ గేమ్ ఫోల్డర్‌ను మీరే చూపించండి. ఎస్‌హెచ్3 ఎగ్జిక్యూటబుల్ ఉన్న ఫోల్డర్ అది. ఇక్కడ తప్పు ఫోల్డర్ చూపిస్తే మోడ్ అంతా ఒక ఖాళీ చోట పడి, గేమ్ మునుపటిలాగే ఉంటుంది. మెయిన్ మెనూ బొమ్మ మారకపోతే జరిగింది ఇదే.

వెంటనే 4జీబీ ప్యాచ్ వేయండి. ఈ గేమ్ 32 బిట్ ప్రోగ్రామ్. మామూలుగా విండోస్ దానికి 2 జీబీ మెమరీకి మించి ఇవ్వదు. మీ కంప్యూటర్‌లో 16 జీబీ ఉన్నా సరే. రేవు నిండా ఓడలున్న జీడబ్ల్యూఎక్స్‌లో ఆ 2 జీబీ చాలక గస్తీ లోడ్ అవుతుండగానో, రేవుకి దగ్గరవుతుండగానో పడిపోతుంది. ఈ ప్యాచ్ ఎగ్జిక్యూటబుల్‌లో ఒక గుర్తు మార్చి, 64 బిట్ విండోస్‌లో 4 జీబీ దాకా వాడుకోనిస్తుంది. స్టీమ్ ఫైళ్లు సరిచూసినా, గేమ్‌ని మళ్లీ దించినా ఆ గుర్తు పోతుంది, మళ్లీ వేయాలి. జీడబ్ల్యూఎక్స్ వేశాక స్టీమ్‌లో ఆ సరిచూసే ఆప్షన్ అసలు నొక్కకండి. సూపర్‌మోడ్ ఫైళ్లన్నిటినీ అది పాతవాటితో మార్చేస్తుంది.

ఎగ్జిక్యూటబుల్‌నే మార్చే హార్డ్‌కోడ్ ఫిక్స్‌లు కూడా ఉన్నాయి. మరమ్మతుకి పట్టే సమయం లాంటివి నిజానికి దగ్గరగా తెస్తాయి, చాలా మంచివి. కానీ అవి ఒక నిర్దిష్టమైన ఫైల్‌నే ఒప్పుకుంటాయి. మీ ఫైల్ సరిపోలలేదని చెబితే అక్కడితో ఆపండి, బలవంతంగా ఎక్కించకండి. మొదటి నెల ఇవి లేకుండానే ఆడండి.

ఇప్పుడు కెరీర్ మొదలుపెట్టి, గస్తీ లోడ్ చేసి చూడండి. లోడింగ్ పట్టీ మధ్యలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఆగలేదు, పని చేస్తోంది. కీబోర్డ్ ముట్టుకోకండి, వేరే విండోకి మారకండి. గేమ్ పడిపోయిందని చెప్పేవారిలో కొందరు ఇక్కడ తొందరపడి తామే మూసేసినవారు.

జేఎస్‌జీఎమ్‌ఈ వాడే పద్ధతి

ఇది మోడ్‌లను వేసి, తీసే చిన్న ప్రోగ్రామ్. జీడబ్ల్యూఎక్స్‌తో పాటే వస్తుంది. ఎస్‌హెచ్3 ఎగ్జిక్యూటబుల్ ఉన్న ఫోల్డర్‌లోనే ఇది ఉండాలి. దాని పక్కన మోడ్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. మీరు దించుకున్న ప్రతి మోడ్‌ను విప్పి అందులో పెడతారు, ప్రోగ్రామ్‌లో ఎడమ జాబితా నుంచి కుడి జాబితాకి పంపితే ఎక్కుతుంది. అసలు ఫైల్ నకలును అది దాచి ఉంచుతుంది, తీసేసినప్పుడు తిరిగి పెడుతుంది.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మోడ్ ఫోల్డర్ తెరవగానే డేటా అనే ఫోల్డర్ కనిపించాలి. విప్పినప్పుడు తరచూ ఒకే పేరుతో ఫోల్డర్ లోపల ఫోల్డర్ ఏర్పడుతుంది. అలాగే ఎక్కిస్తే ఫైళ్లన్నీ గేమ్ పక్కన ఒక పనికిరాని ఫోల్డర్‌లో పడతాయి. ఏ హెచ్చరికా రాదు, ఏమీ మారదు. "మోడ్ వేశాను, తేడా లేదు" అన్నప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

రెండో మోడ్ ఎక్కిస్తుంటే "ఈ ఫైల్‌ను ఇంతకుముందే ఫలానా మోడ్ మార్చింది" అని హెచ్చరిక వస్తే కళ్లు మూసుకుని సరే అనకండి. ఆ ఫైళ్ల పేర్లు రాసుకోండి. చివర ఎక్కినదే చెల్లుతుంది. అది ఓడ రంగు బొమ్మ అయితే ఫర్వాలేదు. ఈ కింది వాటిలో ఒకటైతే ఆగాలి.

సిమ్.సీఎఫ్‌జీ శత్రువు కళ్లు, చెవులు ఎంత చురుగ్గా ఉండాలో చెబుతుంది. సెన్సార్స్.సీఎఫ్‌జీ మీ సిబ్బంది కళ్లు, చెవుల సంగతి చెబుతుంది. పేర్లు చూసి చాలామంది తారుమారు చేసుకుంటారు. లైబ్రరీ ఫోల్డర్‌లోని ఏఐ సెన్సార్స్ ఫైల్‌లో శత్రు ఓడల పరికరాల దూరాలు ఉంటాయి. ఈ మూడూ ఒకే చేతి నుంచి రావాలి. వాతావరణం అందంగా చేసే మోడ్‌లు కొన్ని చూపు దూరాన్ని 8 కిలోమీటర్ల నుంచి 16కి పెంచుతాయి, సెన్సార్లను మాత్రం పట్టించుకోవు. అప్పుడు చిమ్మచీకట్లో కూడా డిస్ట్రాయర్ మిమ్మల్ని దూరం నుంచే పసిగడుతుంది. రాత్రి పైకి తేలి దాడి చేయడమే ఈ ఆటకి ప్రాణం, అది కాస్తా పోతుంది. 16 కిలోమీటర్లు కావాలంటే జీడబ్ల్యూఎక్స్ తనతో ఇచ్చే ఐచ్ఛిక మోడ్‌నే వాడండి.

ఎన్ మెనూ అనే టెక్స్ట్ ఫైల్‌లో తెర మీద కనిపించే మాటలన్నీ నంబర్ల వారీగా ఉంటాయి. పాత గేమ్‌కి చేసిన చిన్న మోడ్ దీన్ని మార్చేస్తే జీడబ్ల్యూఎక్స్ అదనంగా చేర్చిన వరుసలు పోయి, బటన్ల మీద ఖాళీలు వస్తాయి. ఇది టెక్స్ట్ కాబట్టి విన్‌మెర్జ్ అనే ఫైళ్లను పోల్చే ప్రోగ్రామ్‌లో రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి, తేడా ఉన్న వరుసలను చేత్తో కలపవచ్చు. కలిపిన ఫైల్ ఒక్కదాన్నే ఒక కొత్త మోడ్ ఫోల్డర్‌లో అదే దారిలో పెట్టి, అన్నిటికంటే చివర ఎక్కించండి. డీఏటీ ఫైళ్లు అలా కుదరవు. అవి బైనరీ, వాటికి సైలెంట్ త్రీడిటర్ అనే ప్రోగ్రామ్ కావాలి. మొదట్లో వాటి జోలికి వెళ్లకుండా, రెండింటిలో ఒక మోడ్‌ని వదులుకోవడమే మేలు.

మోడ్‌లు తీసేటప్పుడు ఎక్కించిన వరుసకి వ్యతిరేకంగా, చివరిది ముందు తీస్తూ రండి.

క్రాష్ కాకుండా దెబ్బతీసేవి

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే క్రాష్ అయితే తెలుస్తుంది, ఇది తెలియదు. గేమ్ బాగానే నడుస్తుంది, మీ టార్పెడోలు మాత్రం తగలవు. లోపం మీ గురిలో ఉందనుకుంటారు.

ఒరిజినల్ గేమ్ దృశ్యాన్ని 1024×768లో గీసి తెరకి సాగదీస్తుంది. వెడల్పు తెరకి చేసిన ఇంటర్‌ఫేస్ మోడ్‌లు ఒక డీ3డీ9 డీఎల్‌ఎల్ ఫైల్‌తో దాన్ని మారుస్తాయి. దాంతో పెరిస్కోప్‌లో కనిపించే కోణం మారుతుంది, అందుకు తగ్గట్టు కెమెరాస్ డీఏటీ ఫైల్, పెరిస్కోప్ గీతల బొమ్మ, డయల్స్ సీఎఫ్‌జీ మూడూ మారాలి. మోడ్ తయారుచేసినవారు ఈ మూడింటినీ ఒకదానికొకటి సరిపోయేలా లెక్కగట్టి ఇస్తారు. దాని తర్వాత మీరు ఎక్కించిన ఏదో మోడ్, బ్రిడ్జి మీద కెమెరా స్వేచ్ఛగా తిరగాలని కెమెరాస్ ఫైల్‌ను మార్చేసిందనుకోండి. పెరిస్కోప్‌లో దూరం కొలిచే స్టాడిమీటర్ చెప్పే దూరం తప్పుతుంది. ఎందుకంటే అది దూరాన్ని నీటిమట్టం నుంచి స్తంభం కొస దాకా ఉన్న కోణంతోనూ, పుస్తకంలో రాసిన స్తంభం ఎత్తుతోనూ లెక్కిస్తుంది. కోణం తప్పైతే అంతా తప్పే.

పరీక్ష ఇలా చేయండి. టార్పెడో శిక్షణ మిషన్‌లో ఆగి ఉన్న ఓడకి స్టాడిమీటర్‌తో దూరం తీయండి. వాచ్ ఆఫీసర్‌ని దూరం అడిగి పోల్చండి. దగ్గరా దూరం రెండుచోట్లా, వేర్వేరు ఓడల మీద చూడండి. అన్ని ఓడలకీ ఒకే నిష్పత్తిలో తేడా వస్తే తప్పు కెమెరాస్ ఫైల్‌దో పెరిస్కోప్ గీతలదో. ఒక్క ఓడకే తేడా వస్తే ఆ ఓడ సీఎఫ్‌జీలో మాస్ట్ అని రాసి ఉన్న ఎత్తు తప్పు. నోట్‌ప్యాడ్‌లో దిద్దవచ్చు.

ఆ డీ3డీ9 ఫైల్‌ను కొన్ని యాంటీవైరస్‌లు చడీచప్పుడు లేకుండా తీసేస్తాయి. తెర హఠాత్తుగా పాత పరిమాణానికి వస్తే క్వారంటైన్ జాబితా చూసి, గేమ్ ఫోల్డర్‌కి మినహాయింపు ఇవ్వండి. అలాగే రంగులు మార్చే ఇతర ప్రోగ్రామ్‌లు కూడా అదే పేరుతో ఫైల్ పెడతాయి. రెండూ ఒకేచోట ఉండలేవు.

మీకు నేను సూచించే జాబితా, ఎక్కించే వరుసలో

జీడబ్ల్యూఎక్స్ 3.0 గోల్డ్, దాని మీద 4జీబీ ప్యాచ్. తర్వాత జేఎస్‌జీఎమ్‌ఈలో, మీ కంప్యూటర్ పాతదైతే లైట్ హార్బర్ ట్రాఫిక్. కావాలనుకుంటే 16 కిలోమీటర్ల అట్మాస్ఫియర్. దాని మీద నీళ్లు, ఆకాశం రంగులు మార్చే మోడ్ ఏదైనా ఒకటే. ఆ తర్వాత వెడల్పు తెర ఇంటర్‌ఫేస్ మోడ్ ఒకటి, జీడబ్ల్యూఎక్స్ కోసం చేసినదని రీడ్‌మీలో స్పష్టంగా రాసి ఉంటేనే. చివర శబ్దాల మోడ్. అంతే. మీరు దించుకున్నవాటిలో కొత్త ఓడల ప్యాక్‌లు, వేరే క్యాంపెయిన్ ఫైళ్లు మొత్తం పక్కన పెట్టండి. ఏ ఓడ ఎప్పుడు, ఎక్కడ కనిపించాలో చెప్పే క్యాంపెయిన్ ఫైల్ ఒక ఓడను పిలిచిన తేదీకి, రోస్టర్‌లో ఆ ఓడ అందుబాటులో ఉందని రాసిన తేదీ సరిపోకపోయినా గేమ్ పడిపోతుంది. అది ఎక్కడుందో వెతికి పట్టుకోవడం కొత్తవారి పని కాదు.

ఏ చిన్న మోడ్‌కైనా రీడ్‌మీలో మూడు విషయాలు చూడండి: ఏ సూపర్‌మోడ్ కోసం చేశారు, ఏ ఫైళ్లు మారుస్తుంది, దేని తర్వాత ఎక్కించమంటున్నారు. ఇవి రాయని మోడ్‌ని వదిలెయ్యండి.

అన్నీ కుదిరాక చివరగా ఎస్‌హెచ్3 కమాండర్ అనే విడి ప్రోగ్రామ్, దాని ద్వారానే గేమ్ మొదలుపెడతారు. సిబ్బందికి సెలవులు, పరికరాలు చెడిపోవడం, నీటి ఒత్తిడికి పడవ నలిగిపోయే లోతు ప్రతి పడవకీ కాస్త వేరుగా ఉండటం లాంటివి ఇస్తుంది, కెరీర్‌కి నిజమైన బరువొస్తుంది. దీనికి జీడబ్ల్యూఎక్స్ కోసం చేసిన కాన్ఫిగ్ ఫైళ్లు వేరుగా ఉంటాయి, అవే వాడండి. ఒక్క జాగ్రత్త. ఇది గేమ్ మొదలయ్యే ముందు డేటా ఫోల్డర్‌లో మార్పులు చేసి, గేమ్ మూశాక రోల్‌బ్యాక్ చేస్తుంది, అంటే ఆ మార్పులను వెనక్కి తీస్తుంది. అందుకే గేమ్ నడుస్తుండగా దాన్ని మూసెయ్యకండి. కరెంటు పోయో, గేమ్ పడిపోయో రోల్‌బ్యాక్ జరగకపోతే ముందు కమాండర్ తెరిచి రోల్‌బ్యాక్ చేసి, ఆ తర్వాతే జేఎస్‌జీఎమ్‌ఈ ముట్టుకోండి. లేకపోతే కమాండర్ మార్చిన ఫైల్‌నే జేఎస్‌జీఎమ్‌ఈ అసలు ఫైల్ అనుకుని దాచుకుంటుంది. ఆ తర్వాత మోడ్ తీసేసినా అసలు ఫైల్ తిరిగి రాదు.

సేవ్‌ల విషయం

మోడ్‌లు వేయడం, తీయడం రేవులో ఉన్నప్పుడు మాత్రమే, ఒక గస్తీ ముగిసి ఇంకోటి మొదలయ్యే మధ్యలో. సముద్రం మధ్యలో చేసిన సేవ్‌లో అప్పటి ఓడల వివరాలు నిక్షిప్తమై ఉంటాయి, మోడ్ మారితే అది తెరుచుకోదు. గస్తీలో సేవ్ చేయాల్సి వస్తే నీటి పైన ఉండి, చుట్టుపక్కల ఏ ఓడా, విమానమూ లేనప్పుడు చేయండి. మునిగి ఉన్నప్పుడు, కాన్వాయ్ దగ్గర, డెప్త్ చార్జ్‌లు (జలాంతర్గామి మీద వేసే నీటి అడుగు బాంబులు) పడుతున్నప్పుడు చేసిన సేవ్‌లు చెడిపోవడం ఈ గేమ్ పాత జబ్బు, ఏ మోడ్ దాన్ని పూర్తిగా నయం చేయలేదు. మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లో ఉంటే ఆడేటప్పుడు సింక్ ఆపి ఉంచండి.

ఇంత చేసినా పడిపోతే, ఎక్కడ పడిపోయిందో చూడండి. మెనూ రాకముందే అయితే డీఎల్‌ఎల్, మెనూ ఫైళ్లు, ఎగ్జిక్యూటబుల్ ప్యాచ్. గస్తీ లోడ్ అవుతుంటే మెమరీ, రోస్టర్, క్యాంపెయిన్. ప్రతిసారీ పటంలో ఒకేచోట, ఒకే తేదీకి అయితే అక్కడ పుట్టుకొచ్చే ఏదో ఓడ. సేవ్ తెరిచినప్పుడు మాత్రమే అయితే ఆ సేవే. అప్పటికీ తేలకపోతే జాబితాలో కింది సగం మోడ్‌లు తీసి నడపండి. పడిపోకపోతే తప్పు ఆ సగంలో ఉంది, దాన్ని మళ్లీ సగం చేయండి. ఐదు మోడ్‌లుంటే మూడుసార్లలో దొరికిపోతుంది. ఇరవై ఉండి, అవీ చేత్తో కాపీ చేసినవైతే ఈ పద్ధతికి చోటే లేదు.

జేఎస్‌జీఎమ్‌ఈలో టాస్క్స్ మెనూలో ఎక్కించిన మోడ్‌ల జాబితాను క్లిప్‌బోర్డ్‌కి పంపే ఆప్షన్ ఉంది. మళ్లీ ప్రశ్న అడిగేటప్పుడు ఆ జాబితా, గేమ్ ఏ దశలో పడిపోయింది, కెరీర్‌లో తేదీ, మీ ఫ్లోటిల్లా (మీ పడవ చెందిన దళం) రాయండి. అవి ఉంటే తప్పు ఏ ఫైల్‌లో ఉందో చాలావరకు ఇక్కడి నుంచే చెప్పగలను.